చింతపండు జాడీ మీద గబ్బిలాలు

మా అమ్మ పుట్టిల్లు నగరి. పెళ్ళయి చిత్తూరు వచ్చినప్పుడు ఆమెతో పాటు ఒక పింగాణీ జాడీ కూడా వచ్చింది. మూరకు కాస్త తక్కువ ఎత్తు. పైన గుండ్రటి భుజాలు, కిందికి దిగేకొద్దీ సన్నబడే ఒళ్ళు. తెల్లటి జాడీ మీద నీలం బొమ్మలు. తెలుపంటే పాల తెలుపు కాదు, నీలిమందు కొంచెం ఎక్కువ పడిన పంచె రంగు. మూత నేను పుట్టకముందే పోయింది. దాని మీద ఒక స్టీలు ప్లేటు బోర్లించి ఉండేది.

అమ్మ వాళ్ళ తాత లుంగీలు నేసేవాడు. నగరి చుట్టుపక్కల నేసిన లుంగీలు మద్రాసు నుంచి ఓడల్లో సముద్రం అవతల పినాంగు రేవుకు పోయేవి. ఆయన తన మూటలతో తనే రెండుసార్లు ఓడెక్కి వెళ్ళి, రెండోసారి వస్తూ ఈ జాడీ తెచ్చాడు. పగలకుండా ఉండడానికి చుట్టూ లుంగీలు చుట్టి తెచ్చాడని అమ్మ చెప్పేది. అమ్ముడుపోని లుంగీలేమో అని మా నాయన ఎగతాళి చేసేవాడు.

జాడీ నడుమ గుండ్రంగా ఒక గుర్తు ఉంది. గీతలు అటూ ఇటూ సరిసమానంగా, చుట్టూ వలయంతో, అచ్చం ముగ్గులా ఉంటుంది. దాని చుట్టూ రెక్కలు విప్పిన ఐదు ప్రాణులు. భుజాల మీద తీగలు, ఆ తీగలకు కొస తేలిన పండ్లు. మా ఇంట్లో ఎవరికీ వీటి గురించి అనుమానం లేదు. పండ్లు బేనిషా మామిడికాయలు, రెక్కలవి సీతాకోకచిలుకలు, నడిమధ్యది ముగ్గు. ఆ ముగ్గు అమ్మకు ఎంత నచ్చిందంటే చిన్నప్పుడే దాన్ని నేర్చుకుని, నగరిలో పుట్టింటి ముందు వేసి, తర్వాత చిత్తూరులో మా ఇంటి ముందు కూడా వేసేది. చుక్కలు పెట్టేది కాదు. నడుమ ఒక నిలువు గీతతో మొదలుపెట్టి, అడ్డగీతలు వంచుకుంటూ పోయి చివర్లో వలయం గీసేది. వీధిలో ఇంకెవరికీ ఆ ముగ్గు రాదు.

జాడీలో చింతపండు ఉండేది. ఎండాకాలంలో కొత్త పండు వస్తే గింజ తీసి, ఉప్పు చల్లి, పొరలు పొరలుగా అదిమి పెట్టేవాళ్ళం. నా చెయ్యి చిన్నది కాబట్టి పిడికిలితో అదమడం నా పని. గోళ్ళ చుట్టూ రెండు రోజులు మండేది.

మా నాయన, పెదనాయన కలిసి చిత్తూరులో బెల్లం మండీ నడిపేవాళ్ళు. ఐరాల వైపు రైతులు దిమ్మెలు తెస్తే కొని లారీలకు ఎక్కించేవాళ్ళు. నాకు పదమూడేళ్ళప్పుడు ఒకరోజు పొద్దున మండీకి వెళ్ళిన నాయన సాయంత్రానికి ఆసుపత్రిలో పోయాడు. గుండెపోటు. నలభై నాలుగేళ్ళు. నాకు తెలిసింది అంతే. పెద్దవాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ తర్వాత నా చదువు పెదనాయనే చూసుకున్నాడు. డిగ్రీ, బీఎడ్ రెండూ ఆయన చదివించినవే. నేను లెక్కల టీచరునయ్యాను. ఇప్పుడు వడమాలపేట హైస్కూల్లో పనిచేస్తున్నాను.

తిరుపతిలో ఇల్లు కట్టుకున్నాక అమ్మను మా దగ్గరికే తెచ్చుకున్నాం. గృహప్రవేశం రోజు హాల్లో గూట్లో ఏం పెట్టాలా అని చూస్తే జాడీ కనిపించింది. దాన్ని ఖాళీ చేసి, తుడిచి, అక్కడ నిలబెట్టాను. అమ్మ మురిసిపోయింది. వచ్చిన వాళ్ళకు పినాంగు కథ చెప్పుకుంటూ కూర్చుంది.

పెదనాయన అప్పటికి కొద్ది నెలల ముందే కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఏది కనబడినా దగ్గరికి వెళ్ళి చూసే అలవాటు కొత్తగా వచ్చింది. జాడీ దగ్గర ఆగాడు.

"ఇది యాడిదమ్మీ?" అన్నాడు అమ్మతో.

"మా పుట్టింటిది గదా బావా. మీరు సూడందా?"

"సూసినాను. ఇప్పుడు గదా సరింగా కనపడతా ఉండేది." వంగి, వేలు పెట్టి చూపించాడు. "సీతాకోకచిలుకకు చెవులుంటాయా? దీనికి చెవులుండాయి సూడు. రెక్కలో పుల్లలుండాయి. ఇవి గబ్బిలాలమ్మా."

ఎవరో నవ్వారు. పెదనాయన నవ్వలేదు.

"ఒక గబ్బిలం ఇంట్లోకి దూరితేనే శాంతి చేయించుకుంటారు. నువ్వు ఐదింటిని తెచ్చి వంటింట్లో పెట్టుకున్న్యావు. మా తమ్ముడు నలభై నాలుగేండ్లకే ఊరికే పోయినాడా?"

అమ్మ లేచి, జాడీని రెండు చేతులా ఎత్తుకుని, వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళి, కుళాయి పక్కన పెట్టి వచ్చింది. నేను పాయసం గరిటె పట్టుకుని అక్కడే ఉన్నాను. బొమ్మకూ గుండెపోటుకూ సంబంధం లేదని ఒక్క మాట అనగలిగేదాన్నే. బంతిలో జనం కూర్చుని ఉన్నారు, ఆ మాట అన్నది నన్ను చదివించిన మనిషి. అనలేదు.

జాడీ పెరట్లో ఆరేళ్ళు ఉంది. అందులో బట్టల సబ్బు, కొబ్బరిపీచు, విరిగిన దువ్వెనలు పడేవి. లోపలికి తెద్దామని నేను రెండు మూడుసార్లు అడిగాను. "ఆడ్నే ఉండనీలేమ్మా" అనేది అమ్మ. చింతపండు స్టీలు డబ్బాలోకి మారింది. ముగ్గు మాత్రం ఆపలేదు. పెదనాయన తప్పు పట్టింది గబ్బిలాలను కదా, ముగ్గును కాదు.

ఒకరోజు మధ్యాహ్నం సెనక్కాయలు ఒలుస్తూ ఉన్నట్టుండి అడిగింది. "ఏమ్మా, గబ్బిలానికి అంత శక్తి ఉంటుందా? నువ్వు సైన్సు సదివినావు గదా."

"నేను చదివింది లెక్కలు" అన్నాను. దిద్దాల్సిన పేపర్లు ముందున్నాయి. ఆమె మళ్ళీ అడగలేదు. ఆమె అన్నాళ్ళుగా ఆ మాటను మోస్తోందని నాకు అప్పుడైనా అర్థం కావాల్సింది.

మా మేడ మీద రెండు గదుల పోర్షన్ ఉంది. కరోనాకు ముందు ఏడాది దాన్ని ఒక చైనా అమ్మాయికి అద్దెకిచ్చాం. రేణిగుంట వైపు సెల్‌ఫోన్ భాగాలు చేసే ఫ్యాక్టరీలో మెషిన్లు బిగించి, మనవాళ్ళకు నేర్పించడానికి వచ్చిన ఇంజినీరు. ముప్పై ఏళ్ళుంటాయి. నాది ఎంత ఇంగ్లీషో ఆమెదీ అంతే, మిగతాది ఫోన్ చూసుకునేది. మొదట్లో అమ్మ భయమంతా ఆమె ఏం వండుకుంటుందోనని. వారం పోయాక ఆ అమ్మాయి అన్నంలోకి టమేటా, కోడిగుడ్డు తప్ప పెద్దగా ఏమీ వండడం లేదని తేలి, ఊరుకుంది. రోజూ ఆరున్నరకు కంపెనీ బస్సు కోసం దిగుతూ "బాగున్నారా అమ్మా" అనేది. ఫ్యాక్టరీలో ఎవరో నేర్పించినట్టున్నారు.

ఒక శుక్రవారం అమ్మ అప్పుడే ముగ్గు ముగించి నడుం పట్టుకుని నిలబడింది. ఆ అమ్మాయి మెట్లు దిగి, గేటు తీయబోయి, టక్కున ఆగిపోయింది. ముగ్గు చుట్టూ తిరిగి అటువైపు నుంచి చూసింది. బస్సు హారన్ కొడుతున్నా కదల్లేదు. నన్ను పిలిచి, ఇది ఎవరు రాశారని అడిగింది. వేశారు అనలేదు, రాశారు అంది.

"మా అమ్మ. ఎందుకు?"

"ఇది మా అక్షరం. దీర్ఘాయువు అని అర్థం."

నేను తెలుగులో చెప్పగానే అమ్మ ముఖం చిన్నబోయింది. అక్షరాన్ని రోజూ జనం తొక్కేచోట వేశానే అనుకుందట, తర్వాత చెప్పింది. ఆ అమ్మాయి మాత్రం ముగ్గు తొక్కకుండా గోడవారగా నడిచి వెళ్ళి బస్సెక్కింది. సాయంత్రం వచ్చీ రాగానే, చెప్పులు కూడా విప్పకుండా, అమ్మ దీన్ని ఎక్కడ నేర్చుకుందని అడిగింది.

అమ్మ లేచి పెరటి తలుపు తీసింది.

ఆ అమ్మాయి జాడీని చూసిన తీరు నాకిప్పటికీ కళ్ళముందుంది. మోకాళ్ళ మీద కూర్చుని, అందులోని సబ్బులూ పీచూ ఒక్కొక్కటే తీసి బండ మీద పెట్టి, కుళాయి తిప్పి అరచేత్తో రుద్దింది. సబ్బు నురగ కింద నుంచి నీలం బయటపడుతూ వచ్చింది. అక్కడక్కడా రంగు పేరుకుని ముదురుగా, ఇంకొన్నిచోట్ల కుంచెలో నీళ్ళెక్కువై లేతగా. ఆమె లోలోపల లెక్కపెడుతున్నట్టు రెక్కల మీద వేలు పెట్టుకుంటూ పోయింది.

"గబ్బిలాలు" అన్నాను నేనే ముందుగా. "ఇక్కడ గబ్బిలాలు మంచివి కాదంటారు. అందుకే బయట పెట్టాం."

ఆమె ఫోన్లో మాట చూసుకుని, తల అడ్డంగా ఊపింది. మా అరుగు మీదే కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెబుతుంటే నేను అమ్మకు చెప్పాను.

వాళ్ళ భాషలో గబ్బిలాన్ని పిలిచే మాటలో 'ఫు' అనే శబ్దం ఉంటుందట. శుభం, అదృష్టం అనడానికి కూడా 'ఫు' అనే అంటారట. రెండూ ఒకేలా పలుకుతాయి కాబట్టి, శుభం అని ఎవరికైనా చెప్పాలనుకుంటే గబ్బిలం బొమ్మ వేస్తారు. ఐదు గబ్బిలాలు ఐదు శుభాలు. దీర్ఘాయువు, కలిమి, ఒంటికీ మనసుకూ కులాసా, మంచి నడత మీద ఇష్టం. ఐదోది చెప్పడానికి ఆమె కాస్త తడుముకుంది. బతకాల్సినంత కాలం బతికి, బాధ పడకుండా, తన ఇంట్లో నెమ్మదిగా పోవడం.

"చావు గూడానా?" అంది అమ్మ.

"మంచి చావు."

అమ్మ జాడీ మీది తడిని కొంగుతో తుడిచింది. "కాణిపాకం పొయినప్పుడల్లా నేను స్వామిని అడిగేది అదొకటే" అంది.

మేం మామిడికాయలనుకున్నవి పీచ్ పండ్లట. అవీ దీర్ఘాయువుకే గుర్తు. ఒక గబ్బిలం తలకిందులుగా ఉంది. అది వేసినవాడి పొరపాటు కాదట. తలకిందులు అనే మాటా, వచ్చి చేరింది అనే మాటా వాళ్ళ నోట ఒకేలా వినిపిస్తాయట. శుభం ఇంటికి వచ్చేసింది అని చెప్పడమట. ఇంకొకదాని రెక్క ఒకటి పొట్టిగా ఉంది. అది మాత్రం పొరపాటే అని ఆ అమ్మాయి నవ్వింది.

జాడీని బోర్లిస్తే అడుగున రెండు వలయాల లోపల నాలుగు అక్షరాలున్నాయి. ఎప్పటిదో ఒక చక్రవర్తి ఏలుబడి గుర్తు అంది. నాకు ఆశ పుట్టింది. "అంత పాతదా?" ఆమె లేదంది. తర్వాతి కాలం కుమ్మరులు పాతవాళ్ళ మీద గౌరవంతో ఆ గుర్తు వేసేవాళ్ళట. ఇది నూరేళ్ళు దాటినదే అయినా రాజుల ఇళ్ళకు చేసింది కాదు. ఊరు విడిచి పినాంగు వంటి చోట్ల బతికే చైనావాళ్ళ వంటిళ్ళకు గంపగుత్తగా చేసి పంపినవాటిలో ఒకటి. కుంచె పనిలో తొందర కనిపిస్తోందట.

నాకు కొంచెం నిరాశే కలిగింది కానీ అమ్మకు ఈ సంగతే బాగా నచ్చింది. "మా తాత లుంగీలు గూడా అంతే గదా. ఎవురు కట్టుకుంటారో తెలీకుండా నేసేది. పొద్దు గూకేలోపల ముగించాలంటే అంచు యాడో ఒకచోట తప్పుతుంది" అంది.

ఆ తర్వాత అమ్మ నాతో, ఒక మాట అడగమంది. "ఇది ఇంట్లో ఉండంగానే మా ఆయన నలభై నాలుగేండ్లకు పొయినాడు. ఈ ఐదు శుభాలు ఆయనకు ఎందుకు రాలేదో అడుగు."

నేను అడగనన్నాను. మేడ మీద అద్దెకున్న పిల్ల దీనికి ఏం చెబుతుంది? అమ్మ పట్టుబట్టింది. అడిగాను.

ఆ అమ్మాయి వాళ్ళ అవ్వ దగ్గర కూడా ఇలాంటి జాడీ ఉండేదట, ఇవే ఐదు గబ్బిలాలతో. అవ్వ వయసులో ఉన్నప్పుడు పాత వస్తువులు ఇంట్లో ఉంచుకోవడమే తప్పన్న కాలం ఒకటి వచ్చిందట. ఇళ్ళు సోదా చేసేవాళ్ళట. ఇంటిల్లిపాదికీ ముప్పు వస్తుందని భయపడి, అవ్వ తన జాడీని తన చేత్తోనే పగలగొట్టి, పెంకులు కాలవలో పోసి వచ్చిందట. "ఆ జాడీ మా ఇంటిని కాపాడలేదు, మా ఇంటికి చెడూ చేయలేదు. అది ఎవరో మాకు మంచి జరగాలని రాసిన మాట. అంతే. మీరు పండక్కి ఒకరికొకరు చెప్పుకోరా?" అంది.

అమ్మకు మిగతాదేమీ పట్టలేదు. "తన చేత్తోనే పగలగొట్టుకున్న్యాదా ఆమె" అని రెండుసార్లు అంది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి జాడీ పెరట్లో లేదు. చింతపండు గుజ్జు, బూడిద కలిపి తోమి, ఎండబెట్టి, వంటింటి గట్టు మీద పెట్టుకుంది అమ్మ. హాల్లో గూట్లో పెడతానంటే ఒప్పుకోలేదు. వంటిళ్ళకు చేసిందని ఆ పిల్ల చెప్పింది కదా, వంటింట్లోనే ఉంటుందంది.

నిజం చెప్పాలంటే, గబ్బిలం చంపుతుందని నేను నమ్మలేదు, కాపాడుతుందనీ నమ్మను. రెండు మాటలు ఒకేలా వినిపించడం మీద నిలబడిన శుభం అది. ఆ భాష రాని ఇంట్లో దాని అర్థం ఎనభై ఏళ్ళు మూగగా ఉండిపోయింది. అయినా ఆ రోజు నుంచి అమ్మ కాస్త నిటారుగా నడిచిన మాట మాత్రం నేను కళ్ళారా చూశాను.

రెండు నెలలకు పెదనాయన కంటి పరీక్షకని తిరుపతి వచ్చి, మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికొచ్చాడు. కాఫీ అడగడానికి వంటింటి గడప దాకా వచ్చి, జాడీని చూశాడు.

"మళ్ళా లోపలికి తెచ్చినావా?"

అమ్మ చెప్పింది. ఫు అనే మాట, ఐదు శుభాలు, పీచ్ పండ్లు, అన్నీ వరుస తప్పకుండా చెప్పింది. పెదనాయన విని, గ్లాసు అందుకుంటూ అన్నాడు. "సీనావాళ్ళకు గబ్బిలం మంచిదయితే సీనాలో పెట్టుకోమను. మనకు జరిగింది జరిగింది గదా."

అమ్మ పొయ్యి ఆపింది.

"బావా, ఆ పొద్దు ఆయనకు ఎడమ పక్క నొప్పి వచ్చింది పదిగంటలప్పుడు. మండీలో ఉండే మనిషి వచ్చి నాకు చెప్పినాడు. నేను పరిగెత్తుకోని వచ్చినాను. ఆస్పత్రికి పోదామంటే మీరేమన్న్యారు? గ్యాసు అయ్యుంటాది, సోడా తాగమని చెప్పి, లారీ లోడు అయ్యేదాకా ఉండమన్న్యారు. మద్యానం రెండు గంటలయింది లారీ కదిలేసరికి. ఆయన ఆడ్నే, బెల్లం దిమ్మెల మీద ఆనుకోని కూర్చోనుండె. మా ఇంటి జాడీ యాడ చేసింది ఇదంతా?"

గొంతు పెంచలేదు. ఇన్నేళ్ళలో ఈ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. ఎనభైకి దగ్గరపడిన ఆ మనిషి కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టేసి, వెళ్ళి హాల్లో కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత అమ్మే భోజనానికి పిలిచింది. తిన్నాడు. పెరుగు రెండోసారి వేస్తే వద్దనలేదు.

సాయంత్రం స్కూటర్ మీద ఆయన్ను బస్టాండులో దించాను. చిత్తూరు బస్సు నిలబడి ఉంది. ఎక్కకుండా సంచి పట్టుకుని నిలబడ్డాడు.

"మీ యమ్మ చెప్పింది నిజిమే" అన్నాడు. "గ్యాసనే అనుకున్న్యానమ్మా. ఒట్టు, అట్లనే అనుకున్న్యాను. తెలిసుంటే ఆ లారీని తగలబెట్టి పొయ్యుందును." "నీకు తెల్సా ఈ సంగతి?" అన్నాడు.

"ఈరోజే తెలిసింది పెదనాయనా."

నన్ను చదివించడం వెనక ఏముందో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. కండక్టర్ విజిల్ వేస్తే ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలో, జాలిపడాలో నాకు తేలలేదు. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఆ తర్వాత చాలా నెలలు మా ఇంటికి రాలేదు.

ఆ ఏడు చివర్లో మేడ మీద అమ్మాయి పని ముగించుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు అమ్మ జాడీని తీసి ఆమె చేతుల్లో పెట్టబోయింది, వాళ్ళ అవ్వకు ఇమ్మని. నూరేళ్ళు దాటిన వస్తువులను దేశం దాటించకూడదని నేను చెప్పాను. అది చెప్పకపోయినా ఆ అమ్మాయి తీసుకునేది కాదు. మూడు తరాలుగా మీ చింతపండు తిన్న జాడీ మా ఊరొచ్చి ఏం చేస్తుందని నవ్వేసింది. ఫొటోలు మాత్రం తీసుకుంది, అమ్మను పక్కన నిలబెట్టి.

తర్వాత కరోనా వచ్చింది. టీవీల్లో రోజంతా గబ్బిలాల బొమ్మలే. మా ఆయన ఒకసారి వంటింటి వైపు చూసి నవ్వబోతే, "గబ్బిలం దాని గూట్లో అది ఉండె. మనిషి గదా ఆడికి పొయ్యింది" అని అమ్మ నోరు మూయించింది.

రెండో విడతలో చిత్తూరులో పెదనాయనకు జ్వరం వచ్చింది. కొడుకు, కోడలు మరో గదిలో మంచాన ఉన్నారు. సంగతి తెలిసిన రోజే అమ్మ నా ఫోన్ తీసుకుని తనే చేసింది. బస్టాండులో ఆయన నాతో అన్న మాట నేను ఆమెకు ఎప్పుడో చెప్పాను. ఫోన్లో దాని ఊసు ఎత్తలేదు. ఆ రోజు మొదలుకొని పద్నాలుగు రోజులు, పొద్దున ఏడింటికి, స్పీకర్ పెట్టుకుని, పొయ్యి ముందు నిలబడి మాట్లాడేది.

"బావా, జొరం ఎంతుండాది?"

"నూటొకటి."

"కాఫీ పెట్టినారా?"

"పక్కింటి పిల్లోడు వాకిట్లో పెట్టిపొయినాడు."

"ముక్కు కాడ పెట్టుకోండి. వాసన వస్తాండాదా?"

అవతల గ్లాసు చప్పుడు, ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించేవి. మొదటి తొమ్మిది రోజులూ రాలేదనే అన్నాడు. పదో రోజు గ్లాసు చప్పుడు రెండుసార్లు వినిపించింది.

"వస్తాండాదమ్మీ" అన్నాడు.

"అయితే ఆరకముందే తాగండి" అని అమ్మ ఫోన్ నాకిచ్చేసి, పాలు పొంగుతున్నాయని పొయ్యి వైపు తిరిగింది.